పట్టేసిన బోల్టులు

మా కోనసీమలో ఇనుముకి ఆయుష్షు తక్కువ. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క సముద్రం, మధ్యలో కాలవలు, వరిచేల మధ్య ఎప్పుడు వచ్చాయో తెలీకుండా వచ్చేసిన ఉప్పునీటి రొయ్యల చెరువులు. ముమ్మిడివరం గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, ఆ తేమకి ఉప్పు తోడై ఉంటుంది. వీధి గేటు, కిటికీ చువ్వలు, బావి గిలక, సైకిలు గొలుసు... దేనికీ నాలుగు వానాకాలాలు పూర్తిగా గడిచిన జ్ఞాపకం ఉండదు. పైన రంగు వేస్తే లోపల్నుంచి పొంగి పొక్కులు తేలుతుంది. మా అమ్మ కత్తిపీట కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కొబ్బరినూనె చుక్క రాసి గోడకి చేరేస్తుంది. పొరుగూరి నుంచి కాపరానికి వచ్చిన కోడలికి మొదట నేర్పే పనుల్లో అదొకటి.

సాహిత్యం చదువుకున్నవాళ్ళం మనం తుప్పుని ఎక్కువగా ఉపమానానికే వాడతాం. తుప్పు పట్టిన బుర్రలు, తుప్పు పట్టిన వ్యవస్థ, తుప్పు పట్టిన ఆచారాలు. నా పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథంలో కూడా ఆ మాట రెండు మూడు చోట్ల ఉండే ఉంటుంది. కానీ ఈ ప్రాంతంలో పుట్టినవాళ్ళకి తుప్పు ఉపమానం కాదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున ఇక్కడికి పడమట, మామిడికుదురు మండలం నగరంలో గ్యాసు పైపులైను పేలింది. ఇళ్ళూ కొబ్బరితోటలూ మనుషులూ కాలిపోయారు. ఇరవైమందికి పైగా చనిపోయారు. పొడిగ్యాసు కోసం వేసిన గొట్టంలో నీటితో కలిసిన గ్యాసు పంపితే గొట్టం లోపల్నుంచి తినేసుకుపోయిందని తర్వాత తేలింది. లోపల్నుంచి తినేసుకుపోవడం అంటే ఏమిటో చెప్పడానికి ఇక్కడ ఎవరికీ అలంకారశాస్త్రం అక్కర్లేదు.

నేను రాయబోయేది అంత పెద్ద విషయం కాదు. ఒక పాత కారుకి పట్టేసిన కొన్ని బోల్టుల గురించి. కానీ అవి ఊడకపోతే మా అమ్మ ఇల్లు దాటి కదలలేదు కాబట్టి, మా ఇంటి వరకూ అదీ చిన్నది కాదు.

నాన్న 2009లో ఆల్టో కారు కొన్నారు. 2021లో, కోవిడ్ రెండో విడతలో ఆయన పోయారు. రెండేళ్ళపాటు కారు పెరట్లో, కొబ్బరాకుల పాక కింద అలాగే ఉండిపోయింది. నేను అప్పటికి వేరే జిల్లాలో ఓ కాలేజీలో గెస్టు ఫేకల్టీగా చేస్తున్నాను. గంటల లెక్కన జీతం, సెలవుల్లో అదీ లేదు. 2023లో అమ్మకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఉద్యోగం వదిలేసి ఇంటికొచ్చాను. 'వదిలేసి' అన్న మాట ఎంత సులువుగా రాసేశానో చూడండి. తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం 'వదల్లేడు' కదా, అందుకని నేను 'వదిలేశాను'. ఈ రెండు క్రియల మధ్య తేడా మీద ఒక పరిశోధన చెయ్యొచ్చు.

అమ్మకి రోజు విడిచి రోజు ఫిజియోథెరపీకి అమలాపురం వెళ్ళాలి. షేర్ ఆటోలో ఆవిడ కూర్చోలేదు. బస్సు మెట్టు ఎక్కలేదు. మనిషిగా ఆటో మాట్లాడుకుంటే నెల తిరిగేసరికి నా ట్యూషన్ల డబ్బు దానికే సరిపోతుంది. బాబాయి కొడుకు ఖాళీ ఉన్నప్పుడు తన బండిలో తీసుకెళ్ళేవాడు. అతనికి ఖాళీ లేని రోజున అమ్మ కాలుకీ ఖాళీయే. "పాపం వాడి పని వాడికుంటుంది కదే" అనేది అమ్మ. వైద్యం కూడా ఒకరి దయమీద జరిగితే, ఒకరోజు తప్పినా అడగడానికి మనకి నోరు రాదు.

అప్పుడు పాక కింద కారు కన్పించింది. అంతకు ముందు కన్పించలేదని కాదు. కన్పించడం వేరు.

షెడ్డు నుంచి మెకానిక్ వచ్చాడు. బోనెట్ ఎత్తాడు, కిందకి వంగి చూశాడు. "మొత్తం పట్టేసినియ్యండి. సైలెన్సరు బోల్టులు, షాకులియ్యి, చక్రాలియ్యి, ఏయీ రావండి. కోసేసి కొత్తయ్యి ఎయ్యాల" అన్నాడు. ఎంతవుతుందని అడిగితే, "మగోళ్ళెవరైనా ఉంటే పంపండమ్మా, ఆళ్ళతో మాట్టాడతాను" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అతని దృష్టిలో అది నన్ను శ్రమ పెట్టకుండా చేసిన సాయం. ఫోన్లో తమ్ముడికి చెప్తే, "పాత ఇనుం కింద ఇచ్చేయక్కా. ఇద్దరూ ఆడవాళ్ళు, మీకు కారెందుకు చెప్పు" అన్నాడు. ఇద్దరూ ఆడవాళ్ళం కాబట్టే కదరా కారు కావాలి!

నాకు పానాల పరిచయం కొత్త కాదు. 1996 నవంబరు 6 తుఫానుకి ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన మండలాలు ఎలా దెబ్బతిన్నాయో ఈ పక్క వాళ్ళందరికీ తెలుసు. అప్పటికి నాకు ఆరేళ్ళు. నాన్న స్కూటరు నీళ్ళలో మునిగి బురద పట్టింది. నీళ్ళు తీశాక ఆయన పెరట్లో గోనెపట్టా పరిచి దాన్ని ఒక్కొక్క ముక్కే విప్పారు. కరెంటు లేదు. టార్చిలైటు పట్టుకునే పని నాకిచ్చారు. తర్వాత తమ్ముడు పెద్దయ్యాక కూడా అదే ఏర్పాటు: వాడికి పానా, నాకు టార్చి. "ఇటు పట్టు. కాస్త కిందకి. ఆఁ, అక్కడ." ఇంట్లో ఏ బాగుచేత జరిగినా ఆడపిల్లకి ఇచ్చే పదవి టార్చి పట్టుకోవడమే అన్పిస్తుంది నాకు. చాలామంది స్నేహితురాళ్ళని అడిగాను, అందరికీ ఈ అనుభవం ఉంది. కానీ టార్చి పట్టుకున్నవాళ్ళకి ఒక లాభం ఉంది. వెలుగు ఎక్కడ పడాలో తెలియాలంటే పని ఎక్కడ జరుగుతోందో తెలియాలి. తమ్ముడు చేతికిచ్చిన బోల్టొక్కటే చూశాడు. నేను మొత్తం బండిని చూశాను.

నాన్న పనిముట్ల పెట్టె ఉంది. అందులో రింగు పానాలు, సుత్తి, వైరు బ్రష్షు, ఇనప గొట్టం ముక్క. ఆ గొట్టం ముక్క ఎందుకో తర్వాత చెప్తాను.

బోల్టు ఎందుకు పట్టేస్తుంది? తుప్పంటే ఇనుము అరిగిపోవడం అనుకుంటాం. నిజానికి తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, తిన్న ఇనుముకి రెండింతల పైనే ఉబ్బుతుంది. బోల్టు మరకీ నట్టు మరకీ మధ్య వెంట్రుకవాసి సందే ఉంటుంది. ఆ సందులో తుప్పు ఉబ్బితే రెండూ ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. ఉప్పుగాలి ఈ పనిని తొందర చేస్తుంది. ఇంకా ఒక చిక్కు ఉంది. అల్యూమినియంలో ఇనుప బోల్టు ఉన్నచోట, ఉప్పుతేమ తగిలితే రెండు లోహాల మధ్య బేటరీలో జరిగినట్టే చర్య జరిగి అల్యూమినియం తినేసుకుపోయి తెల్లటి బూడిదలాంటి పిండి కడుతుంది. అది తుప్పుకంటే మొండిది.

ఇలాంటి బోల్టుని బలంతో తిప్పితే రెండే జరుగుతాయి. తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోతుంది, లేదా మెడ దగ్గర తెగిపోతుంది. షెడ్లలో ఎక్కువగా జరిగేది ఇదే. కుర్రాడు పానా వేసి కాలుతో తొక్కుతాడు, అది తెగుతుంది, "తుప్పండి, ఏం చేత్తాం" అంటారు, తర్వాత కోత, వెల్డింగు, బిల్లు. గంటల లెక్కన బతికేవాడికి రెండ్రోజులు ఆగే వీలు ఎక్కడుంది? పక్కన మూడు బళ్ళు ఎదురుచూస్తుంటాయి. నాకు లేనివి చాలా ఉన్నాయిగానీ, ఆ పెరట్లో సమయం ఒక్కటి ఉంది.

ముందు కారు ఎత్తడం. ఇది రాయకపోతే తప్పు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కింద ఎవరూ దూరకూడదు. గట్టినేల కావాలి, మా పెరట్లో ఇసక నేల, అందుకని మందపాటి చెక్కపలకలు పరిచాను. నేలమీద ఉండే చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టి, జాకీతో ఎత్తి, రెండు ఇనుప స్టాండ్లు కొని వాటిమీద దించాను. ఇటుకలు పెట్టేవాళ్ళున్నారు. ఇటుక ఒక్కసారిగా పగులుతుంది. చక్రాల నట్లని మటుకు చక్రం నేలమీద ఉన్నప్పుడే వదులు చెయ్యాలి, గాల్లో ఉంటే చక్రమే తిరుగుతుంది.

తర్వాత వైరు బ్రష్షుతో బయటికి కన్పించే మరలు శుభ్రం చెయ్యడం. ఇది విసుగు పని, అందరూ ఎగ్గొట్టేది ఇదే. పైన పొర అలాగే ఉంటే నూనె లోపలికి పోదు. తర్వాత నూనె. డబ్ల్యూడీ-40 డబ్బా అమలాపురంలో దొరుకుతుంది. దాని కథ సరదాగా ఉంటుంది. 1953లో అమెరికాలో శాన్‌డియాగోలో ఒక చిన్న కంపెనీ రాకెట్లకి తుప్పు పట్టకుండా నీటిని తరిమే ద్రవం కోసం ప్రయత్నించి, నలభయ్యో సారికి సాధించిందట. నలభై అన్న అంకె అందుకే. పేరులోనే ఉంది, దాని మొదటి పని నీటిని తరమడం. పట్టేసిన మరలోకి దూరడానికి విడిగా చేసిన పల్చని నూనెలు ఇంకా బాగా పనిచేస్తాయి. అవేవీ దొరక్కపోతే ఇక్కడందరూ వాడేది డీజిల్, లేదా కిరసనాయిలు. నేను మూడూ వాడాను.

నూనె కొట్టి, బోల్టు తలమీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు. బద్దలు కొట్టడానికి కాదు. ఆ అదురుకి తుప్పులో సన్నని పగుళ్ళు పడతాయి, నూనె అందులోంచి దిగుతుంది. తర్వాత వదిలెయ్యడం. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. మొదటిరోజు వరండాలోంచి కుర్చీలో కూర్చుని చూస్తున్న అమ్మ, మాట ఇంకా పూర్తిగా తిరగని నోటితో, "రాత్రంతా... నాననియ్యవే" అంది. ఆ మాటకి మీలో కొందరికి ఒక వ్యాసం తయారైపోతుంది, నాకు తెలుసు. స్త్రీల ఓర్పు, వంటింటి విజ్ఞానం, మగవాడి బలానికి ఎదురుగా ఆడదాని నానబెట్టడం. నాకు ఆ వ్యాసం వద్దు. మనల్ని ఇంతకాలం నానబెట్టింది చాలు. ఓర్పుకి ఆడతనంతో సంబంధం లేదు, తుప్పుతోనే సంబంధం. పప్పు నాననివ్వాలని తెలిసినంత మాత్రాన బోల్టు ఊడదు. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు లాగాలో తెలియాలి.

లాగడం గురించి. పన్నెండు మూలల పానా కాదు, బోల్టు తలకి సరిగ్గా అతికే ఆరు మూలల సాకెట్టు వాడాలి. అది మూలలమీద కాకుండా పక్కలమీద పట్టుకుంటుంది. ముందు విప్పే వైపు కాకుండా, ఒక్క పిసరు బిగించే వైపు తిప్పాలి. ఇది వింతగా ఉంటుంది గానీ, తుప్పు పట్టు విడిపోవడానికి ఏ వైపు కదలికైనా కదలికే. తర్వాత విప్పే వైపు. అప్పుడు ఆ ఇనప గొట్టం ముక్క: పానా పిడికి తొడిగితే చెయ్యి పొడుగవుతుంది, అదే బలానికి రెట్టింపు తిప్పుడు వస్తుంది. నా బరువు నలభై తొమ్మిది కిలోలు. గొట్టం ఉంటే చాలు. కుదుపు లేకుండా, నిలకడగా, మన వైపు లాక్కోవాలి. అవతలికి తోస్తే జారినప్పుడు వేళ్ళు పగుల్తాయి.

మొదటి బోల్టు నాలుగో రోజున కదిలింది. ఒక శబ్దం వస్తుంది, 'టక్' మని కాదు, ముసలి తలుపు మూలిగినట్టు. విరిగినప్పుడు వేరే శబ్దం. ఆ రెండింటి తేడా విన్నవాళ్ళకే తెలుస్తుంది. కదిలింది కదాని ఒక్క ఊపున విప్పెయ్యకూడదు. అర చుట్టు బయటికి, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ నూనె. పిండయిన తుప్పు మరల్లో ఇరుక్కోకుండా.

వేడి చెయ్యడం కూడా ఒక దారి. నట్టు వేడెక్కితే వ్యాకోచించి పట్టు వదులుతుంది. కానీ నూనె పూసినదానికి మంట పెడితే అంటుకుంటుంది, పెట్రోలు టాంకు, బ్రేకు గొట్టాలు పక్కనే ఉంటాయి. పెరట్లో నేను ఆ జోలికి పోలేదు.

మా ఇంటి వెనక వీధిలో ఒకావిడ కొబ్బరిపీచు మిల్లులో పనిచేస్తుంది. అమ్మకి స్నానం చేయించేటప్పుడు నాకు సాయానికి వస్తుంది. నా చేతులు చూసి, "ఏటి అమ్మాయిగోరూ ఈ కర్మ, సదువుకున్న సేతులు" అంది. నేను ఆవిడ చేతులు చూశాను. పీచుకి కోసుకుపోయి, నీటికి నాని, గోళ్ళు నల్లబడి ఉన్నాయి. నా చేతుల మసి నేను ఎంచుకున్నది, సబ్బుతో పోయేది, దాని గురించి వ్యాసం రాస్తే అచ్చయ్యేది. ఈ తేడా దాటేసి నేను ఒక్క వాక్యం కూడా రాయకూడదు. తర్వాత ఆవిడ కిందకి వంగి చూసి, "ఈ బోల్టుకి అటేపు నుంచి కూడా ఎయ్యండి నూనె, ఇటేపే ఏత్తే దిగదు" అంది. ఎలా తెలుసంటే, మిల్లులో మిషను పట్టేస్తే తామే విప్పుకుంటారట. డీజిలు పోసి, సుత్తితో తట్టి. మేస్త్రీ వచ్చేదాకా ఆగితే కూలి పోతుంది కదా. మరి ఆ పనికి విడిగా ఏమైనా ఇస్తారా? ఆవిడ నవ్వింది. మిషను తిప్పేవాడు ఆపరేటరు, వీళ్ళు కూలీలు. విప్పే చెయ్యి ఆవిడది, పేరు అతనిది.

మా షెడ్డు మెకానిక్ నాతో "ఆడోళ్ళకి రాదండి ఈ పని" అన్నప్పుడు నేను ఎక్కడెక్కడివో ఉదాహరణలు వెతికాను. కొత్తగూడెం దగ్గర సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి, వెల్డింగు చేసే ఆదిలక్ష్మి గారి గురించి 2021లో పత్రికలు రాశాయి. ప్రపంచంలో మొదటి దూరప్రయాణం కారులో చేసిన బెర్తా బెంజ్ గురించి చదివాను. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వందకి పైగా కిలోమీటర్లు వెళ్ళింది. దారిలో ఇంధన గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది, తీగకి తన మేజోళ్ళ పట్టీ చుట్టింది. ఈ కథ చెప్పినవాళ్ళందరూ పిన్ను దగ్గరా పట్టీ దగ్గరా ఆగి ముచ్చటపడతారు. మూసుకుపోయింది గొట్టమేనని ఆమెకి ఎలా తెలిసిందో ఎవరూ అడగరు. ఇవన్నీ నేను సేకరిస్తుంటే, అసలు ఉదాహరణ మా పెరట్లోకి రోజూ వచ్చి వెళ్తోంది.

నా పరిశోధన స్త్రీల కథల్లో ఇంటిపని గురించి. విమల గారి 'వంటిల్లు' కవిత దగ్గర్నుంచి మన సాహిత్యం పొయ్యిని, అంట్లని, బట్టల్ని ఎంతో లోతుగా చూసింది. చూడాల్సిందే. కానీ స్త్రీలు విప్పి బిగించే పనులు, మోటారు, మిషను, పంపు, వీటిమీద మనం రాసింది తక్కువనే నా అభిప్రాయం. మనం కూడా ఆ పనిని అటువైపు వదిలేశామేమో.

పదకొండు రోజుల్లో తొమ్మిది బోల్టులు వచ్చాయి. సైలెన్సరు ముందు భాగంలో ఒకటి తెగింది. లోపలే సగం తినేసి ఉంది, దాన్ని ఎవరు తిప్పినా నిలిచేది కాదు. ఆ ముక్కని తీసుకుని వెల్డింగు షాపుకి వెళ్ళాను. ఆ ముసలాయన ఏమీ అడగలేదు, మగవాళ్ళని పంపమనలేదు. తెగిన మొండెం మీద కొత్త నట్టొకటి పెట్టి మధ్యలో వెల్డు చేశాడు. ఆ వేడికే పట్టు వదిలింది. నట్టుకి పానా వేసి నా చేతికిచ్చి, "మీరే తిప్పండి. సేతికి తెలియాల" అన్నాడు. నాకు ఆ పూట ఏ సెమినార్లోనూ ఇంత గౌరవం దొరకలేదన్పించింది. నలభై రూపాయలు తీసుకున్నాడు.

తిరిగి బిగించేటప్పుడు మరలన్నీ శుభ్రం చేసి రాగిపొడి కలిసిన గ్రీజు రాశాను, మళ్ళీ పట్టకుండా. చక్రాల నట్లకి మాత్రం రాయకూడదు. గ్రీజుంటే అదే బలానికి ఎక్కువ బిగుసుకుని మరలు సాగిపోతాయి. 2024లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషను రెన్యూ చేయించాల్సి వచ్చినప్పుడు కారు అమ్మ పేరుమీదకి మార్చాం. తమ్ముడు సంతకం పెట్టడానికి వచ్చి, కారు కిందకి తొంగిచూసి, "ఎవరు చేశారక్కా?" అని అడిగాడు. అమ్మ వరండాలోంచి కుడిచేత్తో నన్ను చూపించింది.

వెనక ఎడమ షాక్ అబ్జార్బర్ కింది బోల్టు ఇంకా రాలేదు. పాతదే పనిచేస్తోంది, గుంతల్లో కాస్త ఎగురుతుంది అంతే. ఈ వానాకాలం ముందు దాన్ని తియ్యాలని మొన్న ఆదివారం మొదలుపెట్టాను. అటువైపు నుంచి కూడా నూనె వేస్తున్నాను. రేపు పొద్దున అమలాపురం వెళ్ళొచ్చాక మళ్ళీ గొట్టం తొడిగి చూడాలి.